అమ్మ సాంవత్సరికం తర్వాత నాన్నగారు మాట తగ్గించారు: ఇది వార్ధక్యమా, కుంగుబాటా?

పర్లాకిమిడి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయస్సు 71 సంవత్సరాలు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు మాధ్యమ పాఠశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశారు. నేను పెళ్ళయిన నాటి నుంచి బరంపురంలో ఉంటున్నాను. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మ పోయి పదిహేడు నెలలయింది. ఉదయం వచ్చి వంట చేసి వెళ్ళే ఒక పెద్దామె తప్ప ఆ ఇంట్లో నాన్నగారికి ఇప్పుడు మరో మనిషి తోడు లేదు.

అమ్మ పోయిన మొదటి సంవత్సరం మేము భయపడినంతగా ఆయన డీలా పడలేదు. నెల నెలా మాసికం తప్పకుండా పెట్టారు. పురోహితుడికి కబురు చేయడం, సరుకులు తెప్పించడం, అమ్మకు ఇష్టమైన కూర ఆ రోజు వండించడం, ఇవన్నీ దగ్గరుండి చూసుకునేవారు. బంధువులు కూడా వచ్చి పోతూ ఉండేవారు. సాంవత్సరికం అయిపోయిన తరువాతనే మార్పు మొదలైంది. వార్తాపత్రిక మాన్పించేశారు. మహేంద్రతనయ ఒడ్డు దాకా వెళ్ళి వచ్చే సాయంత్రపు నడక మానేశారు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, వెలుగు వచ్చే దాకా వరండాలో కూర్చుంటున్నారట. నాలుకకు రుచి తెలియడం లేదంటారు, మోకాళ్ళు సలుపుతున్నాయంటారు, గుండెల మీద బరువు పెట్టినట్టుందంటారు. ఆరు కిలోలు తగ్గారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో, పాలవాడికి డబ్బు ఇచ్చారో లేదో మరచిపోతున్నారు. వందల పద్యాలు నోటికి వచ్చిన మనిషి, మొన్న మా అమ్మాయి అడిగితే రెండు పాదాలు చెప్పి ఆగిపోయి, ‘ఇక చాలమ్మా’ అన్నారు.

గుండె పరీక్షలు చేయించాము, దోషం లేదన్నారు. దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నిద్రమాత్ర రాసి ఇచ్చారు. ఎన్నాళ్ళు వాడాలో ఎవరూ చెప్పలేదు, నాలుగు నెలలుగా వేసుకుంటున్నారు. కిందటి నెల రాత్రి పెరట్లోకి వెళ్ళబోయి గడప దగ్గర పడిపోయారు. ఎముక విరగకపోవడం మా అదృష్టం. మరో చోట డాక్టరుగారు ఒడియాలో మనసు బాగుండటం లేదా అని అడిగితే, ఈయన ‘నాహి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాన్నగారికి ఒడియా బాగానే వచ్చు, కార్యాలయాల్లో ఒడియాలోనే అర్జీలు రాసేవారు. కానీ మనసులో మాట ఆ భాషలో ఆయన ఏనాడూ చెప్పుకున్నది లేదు.

బంధువులు వయస్సు మీద పడిందని ఒకరు, హైదరాబాదు పంపించేయమని ఒకరు, కాశీ తీసుకువెళ్ళమని ఒకరు చెబుతున్నారు. ఇది వార్ధక్యమో, దుఃఖమో, మతిమరుపు జబ్బో, లేక డిప్రెషన్ అనేదో నాకు తెలియడం లేదు. 2018లో తిత్లీ తుపానుకు జీడితోట సగానికి పైగా పడిపోయింది, తరువాత ఆయన పనిచేసిన పాఠశాలలో తెలుగు విభాగానికి పిల్లలు లేకుండా పోయారు, ఆ తరువాత అమ్మ. ఇలా ఒకదాని మీద ఒకటిగా వచ్చిన దెబ్బలు మనిషిని ఇన్నాళ్ళ తరువాత పడగొడతాయా? నాకు కూడా ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదు, అది వేరే సంగతి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత నర్సు, బరంపురం:

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో ఎక్కువ కాలం పనిచేసినదానిగా చెబుతున్నాను. జబ్బును నిర్ధారించవలసినది డాక్టరే అయినా, మీరు వర్ణించిన లక్షణాలు వార్ధక్యంతో సరిపెట్టుకోదగినవి కావు. వయస్సు పెరిగితే నడక నెమ్మదిస్తుంది, నిద్ర కొంత పలుచబడుతుంది. అంతే కాని, ఇష్టమైన పనుల మీద ఇష్టం పోవడం, తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం, ఆకలి చచ్చి బరువు తగ్గడం వయస్సు లక్షణాలు కావు. ఇవి రెండు వారాలకు మించి దాదాపు ప్రతి రోజూ ఉంటే కుంగుబాటు, అంటే మీరు అన్న డిప్రెషన్, ఉందేమోనని చూడవలసిందే.

మన పెద్దవాళ్ళు ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పరు. మోకాలు అంటారు, గ్యాస్ అంటారు, గుండె దడ అంటారు, తల దిమ్ము అంటారు. అవి అబద్ధాలు కావు, నొప్పి నిజంగానే ఉంటుంది. అయితే మనం మోకాలికి తైలం, గ్యాస్‌కు మాత్ర ఇచ్చి పంపిస్తాము, అసలు జబ్బు ఇంట్లోనే ఉండిపోతుంది. 2017-18లో దేశమంతటా 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులతో మాట్లాడి లాసీ అనే పెద్ద అధ్యయనం చేశారు. అందులో 60 ఏళ్ళు పైబడినవారిలో తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపినవారు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం మాత్రమే. అదే మనుషులను లక్షణాల గురించి వరుసగా ప్రశ్నించి చూస్తే 8.3 శాతం మందిలో అది ఉన్నట్టు తేలింది. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి తమ జబ్బు పేరు కూడా తెలియదు. మీ నాన్నగారు ఆ తొమ్మిదిమందిలో ఒకరేమోనని నా అనుమానం.

దెబ్బల గురించి అడిగారు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు అంకెలు ఇచ్చి ఒక పట్టిక తయారుచేశారు. జీవిత భాగస్వామి మరణానికి అందులో 100, పదవీ విరమణకు 45, పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళడానికి 29. ఆ అంకెలను మనకు యథాతథంగా అన్వయించుకోవడం సరికాదు. జీవితమంతా పాఠం చెప్పిన భాషకు వినేవాళ్ళు లేకుండా పోవడానికి అందులో అంకె ఏదీ లేదు. అయితే ఆ పట్టిక వెనుక ఉన్న ఆలోచన పనికివస్తుంది. మార్పులు తక్కువ కాలంలో పోగుపడినప్పుడు శరీరం కూడా మనసుతో పాటు చెల్లించుకుంటుంది. మీరు గమనించి రాసిన ఒక సంగతి నన్ను ఆపింది. మాసికాలు ఉన్నంత కాలం ఆయనకు ప్రతి నెలా చేయవలసిన పని ఒకటి, రావలసిన మనుషులు కొందరు ఉన్నారు. సాంవత్సరికంతో ఆ రెండూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మన పెద్దలు దుఃఖానికి ఒక ఏడాది ఏర్పాటు చేశారు కాని, రెండో ఏడాదికి ఎవరూ ఏర్పాటు చేయడం లేదు. కుంగుబాటు చాలా ఇళ్ళలో ఆ రెండో ఏడాదిలోనే పట్టుకోవడం నేను చూశాను.

మతిమరుపు గురించి ఇప్పుడే భయపడకండి. పెద్ద వయస్సులో కుంగుబాటు వచ్చినప్పుడు ధ్యాస నిలవదు, ధ్యాస నిలవనిది జ్ఞాపకంలోకి ఎక్కదు. చికిత్సతో మనసు తేరుకుంటే ఇటువంటి మరపు చాలామందిలో తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు విడిగా పరీక్షించాలి. ముందుగా థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షలు చేయించండి, ఎందుకంటే ఇవి అటూ ఇటూ అయినా మనిషి ఇలాగే నీరసించిపోతాడు. నిద్రమాత్ర సంగతి మాత్రం వాయిదా వేయవద్దు. ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలు పెద్దవాళ్ళలో తూలు, పడిపోవడం, మతి మసకబారడం కలిగిస్తాయి, పైగా అలవాటు పడతాయి. అలాగని రేపే ఆపేయకండి. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. ‘బతకాలని లేదు అనిపిస్తోందా నాన్నా’ అని మీరు తెలుగులో, ఎదురుగా కూర్చుని అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరూ భయపడతారు, అది నిజం కాదు. అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. జీడితోటకు కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంటే తీయించేయండి, మాత్రలన్నీ ఆయన చేతికి ఒకేసారి ఇవ్వకండి. ఏ వేళనైనా 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగు భాషను ఎంచుకోవచ్చు. ఆయన అవునంటే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చికిటి నుంచి:

అక్కా, నాకు చదువు తక్కువ, మా అబ్బాయి కూర్చుని రాస్తున్నాడు. మా ఆయన వయస్సు 54. పెద్దవాళ్ళకే ఇది వస్తుందని అనుకోవద్దని చెప్పడానికి రాయిస్తున్నాను.

మా గంజాం జిల్లాలో ఇంటికొకరు సూరత్ వెళ్ళినట్టే ఆయన కూడా ఇరవై రెండేళ్ళు అక్కడ మరమగ్గాల మీద పనిచేశారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలులో తిరిగి వచ్చారు. మళ్ళీ వెళ్తానని ఆరు నెలలు చెప్పి, చివరకు వెళ్ళలేదు. మీ నాన్నగారిలా మాట తగ్గించడం కాదు, ఈయనకు కోపం ఎక్కువైంది. పళ్ళెం చప్పుడైనా కోపమే, పక్కింటివాళ్ళు నవ్వినా కోపమే. తాగుడు పెరిగింది. ఏడ్చే మనిషిని చూస్తే దిగులని తెలుస్తుంది కాని, అరిచే మనిషిని చూస్తే అది దిగులని ఎవరికి తోస్తుంది? నేను మూడేళ్ళు ఆయనను చెడ్డ మనిషని అనుకున్నాను, దానికి ఈ రోజుకూ బాధపడుతున్నాను.

మా ఊరి ఆశా కార్యకర్త దీదీ కనిపెట్టింది. ఇంటికి వచ్చినప్పుడు పిలిచినా పలకడం లేదని గమనించి, ముందు చెవులు చూపించమంది. ఇరవై రెండేళ్ళ మగ్గాల మోతకు రెండు చెవులూ సగం పోయాయి. ఎవరేమన్నారో వినపడక తన గురించే ఏదో అంటున్నారని అనుకుని మనుషుల్లోకి వెళ్ళడం మానేశారు. బరంపురంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఎంకేసీజీ ఆసుపత్రిలో చెవుల విభాగంలోనూ, మానసిక విభాగంలోనూ చూపించాము. మందులు మొదలుపెట్టాక మూడు వారాల దాకా ఏ తేడా కనిపించలేదు, దండగ అనుకుని ఆపేయబోయాము. అయిదో వారంలో ఒక రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయారు. నేను లేచి ఊపిరి ఆడుతోందా అని చూశాను.

మందుతో పాటు అక్కడ ఒక పని చెప్పారు. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగవద్దు, చిన్న పని ముందు మొదలుపెట్టమన్నారు. ఆయన రోజూ ఉదయం మేకలకు ఆకు కోసుకురావడంతో ప్రారంభించారు. ఇప్పటికీ మనిషి పూర్తిగా పూర్వంలా లేరు, తాగుడు కూడా పూర్తిగా మానలేదు. చేతికి జీతం లేని బాధ అలాగే ఉంది, ఆ బాధకు మాత్ర ఉంటుందని నేను అనుకోవడం లేదు. కాని పిల్లలు ఆయన గదిలోకి వెళ్ళడానికి ఇప్పుడు భయపడటం లేదు.

విశ్రాంత రైల్వే ఉద్యోగి, రాయగడ:

అమ్మాయీ, నా వయస్సు మీ నాన్నగారి వయస్సుకు దగ్గర. ఆయన తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందుగా, హైదరాబాదుకు పంపించాలన్న సలహాను తొందరపడి పాటించవద్దు. నా భార్య పోయిన ఆరు నెలలకు మా అబ్బాయి ప్రేమతోనే నన్ను బెంగళూరు తీసుకువెళ్ళాడు. పదకొండో అంతస్తు. కొడుకూ కోడలూ ఉదయం ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు, ఎంతో బాగా చూసుకున్నారు. కాని అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. రాయగడలో నేను ఫలానా స్టేషన్‌లో పనిచేసిన ఫలానావాడిని, అక్కడ మాత్రం ఫలానా ఫ్లాటువాళ్ళ నాన్నను. భార్యను పోగొట్టుకున్నవాడు ఊరిని కూడా పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో నాలుగు నెలల్లో తెలిసింది, తిరిగి వచ్చేశాను. మీ నాన్నగారు స్వయంగా కోరుకుంటే అది వేరు, మీరు నిర్ణయించి మూటలు కట్టవద్దు.

రెండవది, నర్సమ్మగారు అన్యథా భావించకూడదు, ప్రతి దుఃఖాన్నీ జబ్బని పిలవడం నాకు సమ్మతం కాదు. నలభై ఏళ్ళ కాపురం తరువాత మనిషి పోతే దిగులుపడకుండా ఉండటం ఎలా సాధ్యం? నాకు నయం చేసింది మనుషులే. స్టేషన్ దగ్గరి టీకొట్టు బల్ల మీద రోజూ సాయంత్రం అయిదుగురం తెలుగువాళ్ళం కూర్చుంటాము. అక్కడ మోకాళ్ళ గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకుంటాము, ఒక్కొక్కసారి పోయినవాళ్ళ గురించి కూడా మాట్లాడుకుంటాము. నిజం చెప్పాలంటే నేను కూడా తొమ్మిది నెలలు మందు వాడాను. కాని బల్ల లేకపోతే ఆ మందు పనిచేసేదని నేను అనుకోవడం లేదు. మీ నాన్నగారికి ఎవరైనా ఒక పిల్లవాడిని పాఠానికి పంపించగలరేమో చూడండి. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు ఇంట్లో మాట్లాడుతూ బడిలో చదవలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు.

విశ్రాంత నర్సు, బరంపురం:

అన్నయ్యగారూ, అన్యథా భావించడానికి ఏమీ లేదు, మీరు చెప్పినదానిలో ఎక్కువ భాగం వైద్యులు కూడా ఒప్పుకునేదే. గోవాలో 60 ఏళ్ళు దాటి, కొద్దిపాటి దిగులు లక్షణాలు మొదలైన 181 మందిపై ఒక పరిశోధన జరిగింది, 2019లో ప్రచురించారు. సగం మంది దగ్గరకు శిక్షణ పొందిన మామూలు మనుషులు, డాక్టర్లు కానివారు, వెళ్ళి మాట్లాడారు. నిద్ర సరిచేసుకోవడం, ఇంటి సమస్యలను ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం, చక్కెర జబ్బును అదుపులో పెట్టుకోవడం నేర్పారు. ఏడాది తిరిగేసరికి వారిలో నలుగురికి, అటువంటి సాయం అందని సగంలో పదమూడు మందికి కుంగుబాటు వచ్చింది. మీ టీకొట్టు బల్ల చేస్తున్నది కూడా దాదాపు అటువంటి పనే.

నేను విభేదించేది ఒక్క చోట. దుఃఖం అలలా వస్తుంది, వచ్చి పోతుంది, మధ్యలో మనవరాలు నవ్వితే మనిషి నవ్వగలడు. కుంగుబాటులో ఆ మధ్య విరామం ఉండదు. ఆరు కిలోలు తగ్గి, మనవరాలికి పద్యం చెప్పలేకపోయిన మనిషిని ముందు బల్ల దాకా నడిపించడానికే వైద్యం అవసరం కావచ్చు.

అమ్మాయికి మరొక మాట. మీ నిద్ర గురించి ఒక్క వాక్యం రాసి వేరే సంగతి అన్నారు. అది వేరే సంగతి కాదు. మీరు తల్లిని పోగొట్టుకున్నారు, పిల్లను చదివిస్తున్నారు, సెలవు దొరికినప్పుడల్లా బస్సులో పర్లాకిమిడికి తిరుగుతున్నారు. నాన్నగారిని చూపించే రోజున మీ సంగతి కూడా ఆ డాక్టరుకే చెప్పండి.

పర్లాకిమిడి ఆడపడుచు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. శనివారం వెళ్ళి నాన్నగారి దగ్గర రెండు రాత్రులు ఉన్నాను. తెల్లవారుజామున ఆయన లేచినప్పుడు నేను కూడా లేచి వరండాలో పక్కన కూర్చుని, నర్సమ్మగారు చెప్పిన ప్రశ్న అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘చావాలని లేదమ్మా, కాని తెల్లవారకపోతే బాగుండునని రోజూ అనిపిస్తోంది’ అన్నారు. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని కూడా అడిగాను, లేదన్నారు. అమ్మ చివరి రోజున తాను మందులు తేవడానికి వెళ్ళి ఆలస్యంగా వచ్చానని అప్పుడు మొదటిసారి చెప్పారు. ఈ పదిహేడు నెలలూ ఆ మాట ఆయన లోపలే ఉందని మాకు ఎవరికీ తెలియదు.

పురుగుమందు డబ్బాలు రెండు ఉంటే తీయించేశాను. మాత్రలు వంటామె రోజుకొకటి ఇచ్చేలా ఏర్పాటు చేశాను, నాన్నగారు కాదనలేదు. తమ్ముడు ఈ నెలంతా అక్కడి నుంచే పనిచేస్తానని వచ్చాడు. హైదరాబాదు ప్రస్తావన తేవద్దని వాడికి చెప్పాను. పాఠం సంగతి కదిలిస్తే, ఇప్పుడు తన వల్ల కాదన్నారు. నేను పట్టుపట్టలేదు.

శ్రీకాకుళం వెళ్ళాలా, బరంపురం తీసుకురావాలా అన్నదే మిగిలింది. శ్రీకాకుళంలో అయితే డాక్టరుతో తెలుగులో మాట్లాడవచ్చు. కానీ మనది ఒడిశా కార్డు కనుక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వర్తించదు, బరంపురమైతే మా ఇంట్లోనే ఉండవచ్చు.

విశ్రాంత నర్సు, బరంపురం:

తెల్లవారకపోతే బాగుండును అన్న మాటను డాక్టరు ముందు అదే మాటల్లో, ఏమీ తగ్గించకుండా చెప్పండి. ఆ మాట విన్న తరువాత ఎక్కువ రోజులు ఆగకూడదు కనుక ఈ వారంలోనే బరంపురం తీసుకురండి. మళ్ళీ మళ్ళీ చూపించవలసి ఉంటుంది, ఇల్లు దగ్గరగా ఉన్న చోటే వైద్యం సాగుతుంది. భాష సంగతికి మీరు పక్కన కూర్చుని, ఆయన తెలుగులో చెప్పినదాన్ని ఉన్నది ఉన్నట్టు ఒడియాలో చెప్పండి. నడుమ కొంతసేపు మీరు బయటకు వెళ్ళి, ఆయనను ఒంటరిగా కూడా మాట్లాడనివ్వండి.

ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలన్నీ, నిద్రమాత్ర అట్టతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. కుంగుబాటుకు కొత్త మందు మొదలుపెడితే రెండు మూడు వారాల తరువాత రక్తంలో సోడియం చూడాలా అని అడగండి, పెద్దవాళ్ళలో కొన్ని మందులకు అది పడిపోతుంది. మనసు తేరుకున్న తరువాత కూడా ఆ మందును కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, బాగయింది కదా అని మధ్యలో ఆపవద్దు. ఓపీలో ఉదయం రద్దీగా ఉంటుంది, ఆయనకు తాగడానికి నీళ్ళు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.